చీకట్లో ఎరుపు కనపడదు నాయనా

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. భాష బాగుంది. ఇక నన్ను ఈ ఉత్తరం రాయించిన వాక్యం దగ్గరికి వస్తాను.

అమావాస్య రాత్రి. ట్యూబులైటు కింద అన్నం తింటున్న కుర్రాడు కరెంటు పోగానే ఎంగిలిచేత్తో పెరట్లోకి పరిగెత్తాడు. ‘క్షణంలో కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. బావి గట్టు మీద అక్క చీర ఎర్రటి అంచు, ఆమె కంటి చివర నీటిబొట్టు కనిపించాయి’ అని రాశావు. నేను అక్కడే ఆగిపోయాను. కనపడే వీలు లేనిదాన్ని చూశానంటున్న మనిషి దుఃఖాన్ని నేనెలా నమ్మను?

కన్ను క్షణంలో అలవాటు పడదు. త్వరగా మారేది ముఖ్యంగా కనుపాప. అది 2 మిల్లీమీటర్ల నుంచి 8 మిల్లీమీటర్ల దాకా విప్పారినా లోపలికొచ్చే వెలుగు 16 రెట్లే పెరుగుతుంది. వెలుగున్న గదికీ అమావాస్య పెరటికీ తేడా లక్ష రెట్ల దాకా ఉంటుంది. మిగిలిన పనంతా కంటి వెనక పొరైన రెటీనా చెయ్యాలి, దానికి సమయం కావాలి. ముందు అందులో రంగులు చూపే శంకు కణాలు సర్దుకుంటాయి, ఓ 10 నిమిషాలకు వాటి శక్తి అయిపోతుంది. ఆ తర్వాత మసక వెలుగులో పనిచేసే దండ కణాలు అందుకుంటాయి. వెలుగును పట్టే రోడాప్సిన్ అనే పదార్థం వెలుగులో విరిగిపోయి ఉంటుంది, అది వాటిలో మళ్ళీ తయారవ్వాలి. పూర్తిగా కుదురుకోవడానికి 30, 40 నిమిషాలు పడుతుంది. పైగా దండ కణాలకు రంగులు తెలియవు. ఎరుపైతే వాటికి దాదాపు అందనే అందదు. నువ్వు రాసిన ఎర్రంచు ఆ రాత్రి ఎవరికైనా నల్లగానే ఉంటుంది.

చిన్నప్పుడు ఒక ప్రెస్సులో రాత్రిపూట ప్రూఫులు దిద్దేవాణ్ణి. బల్బు కింద అక్షరాలు చూసీ చూసీ బయటికొస్తే సందులో అడుగు పడేది కాదు. గుమ్మం దగ్గరే నిలబడేవాణ్ణి. ముందు ఎదురింటి సున్నం గోడ తేలేది. చాలాసేపటికి మల్లెపూలు. వాటి పక్కనే ఉన్న మందారాలు మాత్రం నల్లటి ముద్దల్లా ఉండేవి, ఆకులే వాటికన్నా తేటగా కనిపించేవి. దీన్నే పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త 1825లోనే రాసిపెట్టాడని చాలా ఏళ్ళ తర్వాత చదివి, ఆ పూట నాకు నిద్ర పట్టలేదు.

ఆ సందు మీద కథ రాశాను. అందులో నా మనిషి గుమ్మంలో అరగంట నిలబడతాడు. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ అరగంటనంతా కొట్టేశాడు. ‘పాఠకుడు అంతసేపు ఆగడండీ’ అన్నాడు. అచ్చైన కథలో నా మనిషి గుమ్మం దాటగానే అన్నీ చూసేస్తాడు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. ఆ అరగంటే కథ. ఎదురుగా మనిషి ఉందని తెలుసు, కనపడదు. నేరుగా చూస్తే అసలే కనపడదు, ఎందుకంటే చూపు సూటిగా పడేచోట దండ కణాలు ఉండవు. కాస్త పక్కకు చూస్తే మసగ్గా ఒక ఆకారం తేలుతుంది. మసక చుక్కను వెతకాలనుకునేవాళ్ళు చుక్క పక్కకు చూసేది అందుకే. అక్క వైపు చూస్తే మాయమై, చూపు తిప్పుకుంటే కనిపించే అక్క! ఇంత గొప్ప సన్నివేశాన్ని కన్ను నీ చేతిలో పెడితే నువ్వు ‘క్షణంలో’ అని వదిలేశావు.

రెండో పేజీలో ‘ఇల్లంతా చూపు మెల్లగా పాకించాడు’ అన్నావు. ఈమధ్య కథలన్నీ ఇలాగే ఉంటున్నాయి, రాసేవాళ్ళంతా భుజాన కెమెరా మోస్తున్నారు. కదలని వస్తువుల మీద చూపు పాకదు నాయనా, దూకుతుంది. సెకనుకు మూడు నాలుగు సార్లు దూకుతుంది, ఆ దూకే వ్యవధిలో ఏమీ తెలియదు. అద్దం ముందు నిలబడి నీ కుడికంటి నుంచి ఎడమకంటికి చూపు మార్చు. కళ్ళు కదలడం నీకు కనపడదు, పక్కనున్నవాళ్ళకు కనపడుతుంది. 1967లో మెక్‌లాఫ్లిన్ అనే పరిశోధకుడు చూపు ఏ చుక్క మీదికి దూకుతోందో ఆ చుక్కను, సరిగ్గా ఆ వ్యవధిలోనే కాస్త జరిపాడు. చూసేవాళ్ళకు చుక్క జరిగినట్టే తెలియదు. కానీ మళ్ళీ మళ్ళీ అలా చేస్తే కన్ను ఎంత దూరం దూకాలన్న కొలతను తానే మార్చుకుంది. మనిషికి తెలియకుండా అతని కన్ను నేర్చుకుంటుంది!

రష్యాలో యార్బస్ అనే శాస్త్రవేత్త ఒకే బొమ్మను ఒకే మనిషికి చూపించి, ప్రశ్న మార్చాడు. వీళ్ళ వయసెంత అని అడిగితే చూపు ముఖాల మీద వాలింది. ఆస్తిపాస్తుల సంగతి అడిగితే బట్టల మీదికీ సామాన్ల మీదికీ పోయింది. అందుకని నీ కుర్రాడి కన్ను ముందు ఎక్కడ దూకిందో రాయి. బీరువా తాళం మీదికా, అక్క గదిలో ఖాళీగా ఉన్న కొక్కెం మీదికా? వాడెలాంటివాడో నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

నీ కథలో నన్ను నిజంగా కదిలించింది మీ అమ్మమ్మ. చిన్నప్పట్నుంచీ రేచీకటి, సందెపడితే గోడ పట్టుకుని నడుస్తుందని రెండే రెండు ముక్కల్లో రాసి పోయావు. రోడాప్సిన్ తయారవ్వడానికి ఎ విటమిన్ కావాలి. అది అందని పిల్లలకు చీకటికి అలవాటుపడే ఆ అరగంట ఎంతకీ పూర్తికాదు. మన దేశంలో పిల్లలకు ఎ విటమిన్ చుక్కలు వేసే కార్యక్రమం 1970లో గాని మొదలు కాలేదు, మీ అమ్మమ్మ బాల్యం అంతకుముందే గడిచిపోయి ఉంటుంది. ఆమెది ఆ లోపమో, పుట్టుకతో వచ్చిన రెటీనా జబ్బో ఇంట్లో అడిగి తెలుసుకో. కరెంటు పోయిన ఆ ఇంట్లో అందరూ తడబడుతుంటే తడబడనిది ఆమె ఒక్కతే కదా. రోజూ చీకట్లో బతికే మనిషి. పెరట్లోకి కుర్రాణ్ణి కాదు, ఆమెను పంపు. అక్క ఏడుస్తోందని ఆమెకు ఎలా తెలుస్తుందో వెతుకు. కళ్ళతో మాత్రం కాదు.

కలం పేరు గురించీ, సంపుటి ఎవరు వేస్తారన్నదాని గురించీ అడిగావు. అవి ఇప్పుడొద్దు. ముందు ఒక అమావాస్యకు డాబా ఎక్కి ముప్పావుగంట కూర్చో. ఫోను కిందే పెట్టు. ఒక్కసారి ఆ తెర చూశావంటే మళ్ళీ మొదటికొస్తుంది. ఏది ముందు కనపడిందో, ఏది తర్వాత కనపడిందో గుర్తుపెట్టుకో, కిందికి దిగాకే కాగితం మీద పెట్టు. కథ మళ్ళీ రాశాక ఆ కాగితం కూడా కలిపి పంపు, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.