మిరపలో పూత రాలుడు: ప్లానోఫిక్స్ మోతాదు ఎక్కువైతే...

ప్రశ్న: ఎకరంన్నర నల్లరేగడిలో తేజ మిరప వేశాను. నాటి 65 రోజులైంది. మొన్నటి వానల తర్వాత పూత రాలుతుంటే లీటరు నీటికి 1 మి.లీ. చొప్పున ప్లానోఫిక్స్ కొట్టాను. నాలుగు రోజులకు రాలుడు ఇంకా ఎక్కువైంది, చిగురాకులు వంకర తిరిగి కిందికి వాలాయి. ఇంకోసారి కొట్టమంటారా?
– ఒక రైతు, ప్రత్తిపాడు మండలం, గుంటూరు జిల్లా

జవాబు: వద్దండీ. ఇంకో 20 రోజుల దాకా ఏ హార్మోన్ మందూ ఆ చేను మీద పడనివ్వకండి.

ప్లానోఫిక్స్‌లో ఉండేది నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం, 4.5 శాతం. మిరపకు కావలసింది 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో పది పాళ్లు), అంటే 1 మి.లీ. మందు నాలుగున్నర లీటర్ల నీటికి. మీరు లీటరుకే 1 మి.లీ. పోశారు కాబట్టి 45 పీపీఎం పడింది, నాలుగున్నర రెట్లు.

పువ్వు, లేత పిందె ఆక్సిన్ అనే హార్మోన్‌ను తయారుచేస్తాయి. అది తొడిమ గుండా కొమ్మలోకి దిగుతున్నంత కాలం తొడిమ మొదట్లో ఉండే పలుచని కణాల పొర కదలదు. ఎండకో, బెట్టకో, ముసురుకో ఆక్సిన్ తగ్గిందంటే ఆ పొర ఇథిలీన్ అనే వాయు హార్మోన్‌కు లొంగుతుంది. అప్పుడు కణాల మధ్య అతుకును కరిగించే ఎంజైములు పుట్టి, పువ్వు తొడిమతో సహా ఊడిపోతుంది. మనం కొట్టే మందు ఆ ఆక్సిన్ లోటును పూడుస్తుంది, అంతే. మోతాదు మించితే మొక్క తనంతట తానే ఇథిలీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. నిలబెట్టాల్సిన మందే రాల్చేది అందుకే. ఆపిల్ తోటల్లో అదనపు పిందెలు రాల్చడానికీ, కోతకు ముందు కాయ రాలకుండా ఆపడానికీ ఇదే మందును వాడతారు. ఏ దశలో ఎంత కొట్టామన్నదే ఫలితాన్ని తేలుస్తుంది.

అసలు మొదట రాలింది ఎందుకో చూడండి. నల్లరేగడిలో నీరు నిలిస్తే వేళ్లకు గాలి అందదు. అక్కడ ఇథిలీన్‌కు ముడిసరుకైన పదార్థం పోగుపడి, నీటితోపాటు పైకెక్కి, ఆకుల్లో గాలి తగలగానే ఇథిలీన్‌గా మారుతుంది. నేల తడిగా ఉన్నా ఆకులు వాలడానికి అదీ ఒక కారణం. దాహమనుకుని మళ్లీ నీళ్లు పెడితే నష్టం రెట్టింపవుతుంది. కాబట్టి ముందు చాళ్ల మధ్య బోదెలు తీసి మురుగు బయటికి పంపండి. నేల కాస్త ఆరిన తర్వాత 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరుకు 5 గ్రాముల చొప్పున ఒక్కసారి పిచికారీ చేయండి. యూరియా జోలికి వెళ్లకండి, నత్రజని ఎక్కువైతే ఆకు పెరుగుతుందే గానీ పూత నిలవదు. వంకర తిరిగిన ఆకులు బాగుపడవు, కొత్త చిగురు మామూలుగా వస్తే చాలు.

రాలిన పూలు ఓ గుప్పెడు ఏరి చూడండి. తొడిమ చివర నున్నగా తెగి ఉంటే అది హార్మోన్ రాలుడే. విచ్చిన పూలను తెల్ల కాగితం మీద దులిపితే సన్నటి నల్లని పురుగులు పాకుతుంటే అవి నల్ల తామర పురుగులు. 2021 నుంచి మన గుంటూరు మిరపను పీడిస్తున్నవి ఇవే. దీనికి హార్మోన్ పనిచేయదు, పురుగు సంగతే చూడాలి. కొమ్మ కొస నుంచి ఎండుతూ వస్తుంటే అది కొమ్మ ఎండు తెగులు.

తోట తేరుకుని 90 రోజుల సమయంలో మళ్లీ పూత పట్టినప్పుడు అవసరమైతేనే కొట్టండి. 20 లీటర్ల ట్యాంకుకు నాలుగున్నర మి.లీ., 200 లీటర్ల డ్రమ్ముకు 45 మి.లీ. మూతతో ఉజ్జాయింపుగా పోయకండి, 5 మి.లీ. సిరంజితో కొలవండి. చల్లటి పూట కొట్టండి, వేరే మందులతో కలపకండి. ఎంత చేసినా మిరపలో కొంత పూత రాలడం సహజమే, దానికి కంగారుపడి రెండోసారి కొట్టకండి.

ఒక్క విషయం మర్చిపోకుండా చూడండి: ఆ పంపుతో ఎప్పుడైనా మొక్కజొన్నలోనో గట్ల మీదో 2,4-డి కొట్టారా? అదీ ఆక్సిన్ జాతి కలుపు మందే. ట్యాంకులో మిగిలిన కొద్దిపాటి మందుకే మిరప ఆకులు సన్నగా దారాల్లా సాగి, ఈనెలు పక్కపక్కనే చేరతాయి. మీ ఆకులు అలా కనిపిస్తే తప్పు ట్యాంకుదే కావచ్చు. కలుపు మందుకు వేరే పంపు ఉంచుకోండి.