‘సి’, ‘జి’, మన ‘గ’

ప్రశ్న: ఇంగ్లీషు ‘సి’కి చిన్న గీత తగిలిస్తే ‘జి’ అవుతుంది. ఇవి ఒంటె బొమ్మ నుంచి వచ్చాయంటారు, నిజమేనా? మన ‘గ’కు వీటితో చుట్టరికం ఉందా?
– ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: ‘జి’ని ‘సి’ నుంచే చేశారు. రెండింటికీ మూలం ఫినీషియన్ లిపిలో (మధ్యధరా తూర్పు తీరపు ప్రాచీన వర్తకుల లిపి) మూడో అక్షరం ‘గిమెల్’. పలుకు ‘గ’, రూపం మొనదేలిన మడత గీత. గ్రీకుల దగ్గర అది ‘గామా’ అయి, ఇటలీలోని ఎట్రుస్కన్లకు చేరింది. చిక్కు అక్కడే వచ్చింది. వాళ్ల భాషలో క, గ తేడా లేదు కనుక దాన్ని ‘క’కు వాడుకున్నారు. వాళ్ల లిపి అందుకున్న రోమన్లకు మాత్రం రెండు పలుకులూ కావాలి. చాలాకాలం ఒక్క ‘సి’తోనే నెట్టుకొచ్చి, క్రీ.పూ. 3వ శతాబ్దంలో దానికి గీత చేర్చి ‘జి’ చేశారు. ఆ పని స్పూరియస్ కార్విలియస్ అనే బడిపంతులుదని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. కొత్త అక్షరానికి ఏడో చోటు దొరికింది, పూర్వం అది ‘జెడ్’ది. ‘గాయస్’ అనే పేరుకు పొడి అక్షరంగా మాత్రం ‘సి’నే చివరిదాకా రాశారు.

ఇక ఒంటె. ఫినీషియన్‌కు దగ్గరి భాష హీబ్రూలో ఒంటెను ‘గామాల్’ అంటారు, కథకు ఆధారం ఆ పేరే. రూపం చూస్తే అది వేటలో విసిరే వంకర కర్ర బొమ్మ అనే వాదనే మాకు బలంగా కనిపిస్తుంది.

‘గ’ సంగతి మీ జిల్లాలోనే చూడొచ్చు. రుషికుల్య నది దగ్గర జౌగడ బండ మీది అశోకుని శాసనం బ్రాహ్మీ లిపిలో ఉంది, అదీ క్రీ.పూ. 3వ శతాబ్దపుదే. అందులో ‘గ’ అంటే పైన కలిసిన రెండు కాళ్లు, అంతే. కలిసిన చోట పైకి నిలువు గీత ఉంటే అది ‘త’. ఈ రెండూ తరచు తారుమారవుతాయి. ఏటవాలు వెలుతురులో చెక్కుడు గీతలు బాగా తేలతాయి. సుద్ద మాత్రం రుద్దకండి, రాయి పాడవుతుంది. బ్రాహ్మీ ‘గ’ పై కొన గుండ్రబడి, తలకట్టు చేరి మన ‘గ’ అయింది. మీ ఊరి బోర్డుల మీది ఒడియా ‘గ’ కూడా దాని సంతానమే.

బ్రాహ్మీ ‘గ’ గిమెల్ నుంచి వచ్చిందని జర్మన్ పండితుడు బ్యూలర్ 19వ శతాబ్దం చివర్లో వాదించాడు. రూపం, పలుకు రెండూ కలుస్తున్నాయి కనుక ఈ ఒక్క అక్షరం వరకు వాదన గట్టిదే. బ్రాహ్మీ పుట్టుక మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. రూపం ఒక్కటే చూస్తే దారి తప్పుతాం: కూడిక గుర్తులాంటి అక్షరం రెండు లిపుల్లోనూ ఉంది, బ్రాహ్మీలో అది ‘క’, ఫినీషియన్‌లో ‘త’.