పేరు కోసం ఎంత అప్పు చేయవచ్చు?

ప్రశ్న: స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ పూర్తి చేస్తున్నాను. అమెరికాలో డేటా సైన్స్ మాస్టర్స్‌కు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి అందరికీ తెలిసిన ప్రైవేటు విశ్వవిద్యాలయం. ఏడాదికి ఫీజు 60 వేల డాలర్లు, వసతికీ భోజనానికీ మరో 28 వేలు. ఆర్థిక సాయం లేదు. రెండోది ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం. ఫీజు 30 వేలు, అందులో 18 వేలు స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. జీవన వ్యయం 16 వేలు. రెండూ రెండేళ్ల కోర్సులే. ఇంట్లో పొదుపు 50 వేల డాలర్ల వరకు ఉంది. మిగిలినది 11 శాతం వడ్డీకి అప్పు తేవాలి. ‘అప్పు ఎప్పటికో తీరుతుంది, పేరు జీవితాంతం ఉంటుంది’ అని నాన్న ప్రైవేటు వైపే మొగ్గుతున్నారు. రాష్ట్ర విశ్వవిద్యాలయం మార్చి 25లోగా సమాధానం చెప్పమంటోంది. ఎటు వెళ్లాలి?

జవాబు: అంకెలన్నీ వివరంగా రాసినందుకు సంతోషం. చాలామంది ర్యాంకుల గురించి రెండు పేజీలు రాసి, అప్పు సంగతి చివర ఒక్క వాక్యంలో చెబుతారు. మీరు ఇచ్చిన అంకెలతో నా సలహా రాష్ట్ర విశ్వవిద్యాలయమే. కానీ మీ నాన్నగారి మాటలో నిజం ఉంది. దాన్ని పక్కన పెట్టి సలహా చెబితే మీకు అన్యాయం చేసినట్టే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో రెండేళ్లకు అయ్యేది లక్షా 76 వేల డాలర్లు. పొదుపు పోగా అప్పు లక్షా 26 వేలు. పదేళ్లలో తీర్చేటట్టు తీసుకుంటే నెలకు దాదాపు 1,735 డాలర్లు కట్టాలి. మొత్తం కట్టేది రెండు లక్షల ఎనిమిది వేలు దాటుతుంది. చదువుకునే రెండేళ్లలో పేరుకుపోయే వడ్డీని ఇందులో కలపలేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రెండేళ్లకూ స్కాలర్‌షిప్ అందితే ఖర్చు 56 వేలు, అప్పు ఆరు వేలు, నెలసరి వాయిదా 83 డాలర్లు.

1,735 ఎక్కడ, 83 ఎక్కడ! పదేళ్ల సంగతి అలా ఉంచండి. చదువు ముగిసిన తర్వాత వచ్చే మొదటి మూడేళ్లను ఈ తేడా ఎలా మార్చేస్తుందో చూడండి. ఆ దేశంలో పుట్టిన విద్యార్థికి అప్పు ఒక్కటే భారం. మీకు అప్పుతో పాటు గడియారం కూడా ఉంటుంది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై చదివినవారికి కోర్సు ముగిశాక పని చేసుకోవడానికి ఓపీటీ అనే అనుమతి కింద 12 నెలలు ఇస్తారు. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కింద గుర్తించిన కోర్సులకు మరో 24 నెలలు పొడిగింపు ఉంటుంది. డేటా సైన్స్ ఆ జాబితాలో ఉంది. అయినా వీసా కోసం విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రంలో మీ ప్రోగ్రామ్‌కు ఏ కోడ్ వేశారో స్వయంగా చూసుకోండి. మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. పొడిగింపు కూడా కలిస్తే 150 రోజులు. చేసే పని చదివిన చదువుకు సంబంధించినదై ఉండాలి. పొడిగింపు కావాలంటే మీకు ఉద్యోగం ఇచ్చే సంస్థ, ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో నమోదై ఉండాలి.

నా దగ్గర సలహా తీసుకున్న ఒక అబ్బాయి పెద్ద అప్పుతో పెద్ద పేరున్న చోట చదివాడు. పట్టా అందుకున్న రెండు నెలలకు ఫోన్ చేసి ఒక ఫోటో పంపాడు. గది ఫ్రిజ్ తలుపు మీద తెల్ల కాగితం, దాని మీద 1 నుంచి 90 వరకు అంకెలు. 63 దాకా ఎర్ర సిరాతో కొట్టేసి ఉన్నాయి. కింద పెన్సిల్‌తో మొదటి వాయిదా తేదీ రాసుకున్నాడు. తనకు సరిపోయే ఒక సంస్థలో మూడో విడత ఇంటర్వ్యూ ఇంకా మిగిలి ఉంది. ఫలితం తెలియడానికి మరో నెల పడుతుందన్నారు. అంతవరకు ఆగే ధైర్యం లేక, 71వ రోజున ముందు దొరికిన ఉద్యోగంలో చేరిపోయాడు. తన చదువుకు ఏదో అంచున తగిలే పని అది. తెలివి తక్కువై అలా చేయలేదు. నెలనెలా కట్టాల్సిన మొత్తం అతని చేత చేయించింది. అంత ఖర్చు పెట్టి కొన్న పేరు ఫలితం ఇవ్వడానికి ఇంకొంచెం వ్యవధి కావాలి. ఆ వ్యవధినే అప్పు మింగేసింది. అప్పు ఎంత తక్కువైతే, నచ్చని ఉద్యోగానికి ‘వద్దు’ అని చెప్పగల రోజులు అన్ని ఎక్కువ. స్కాలర్‌షిప్ మీకిచ్చే అసలు సొమ్ము ఆ రోజులే అని నా నమ్మకం.

ఓపీటీ తర్వాత మెట్టు హెచ్-1బీ ఉద్యోగ వీసా. ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ లేదా అంతకు పైన చదివినవారికి అదనంగా 20,000 అన్నది పరిమితి. ఆ అదనపు కోటాకు మీ పట్టా గుర్తింపు పొందిన ప్రభుత్వ సంస్థదో, లాభాపేక్ష లేని సంస్థదో అయితే చాలు. ఆ సంస్థ ఎంత గొప్పదన్న దానికి అందులో మార్కులు లేవు. అక్కడ రెండు పట్టాలూ ఒకే వరుసలో నిలబడతాయి.

ఇప్పుడు మీ నాన్నగారి మాటకు వద్దాం. పేరుకు విలువ ఉందా? ఉంది. దీని మీద ఆర్థికవేత్తలు గట్టి పరిశోధనలే చేశారు. స్టేసీ డేల్, ఆలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో 1976లో కాలేజీలో చేరిన అమెరికన్ విద్యార్థుల సంపాదన చూశారు. ఒకే స్థాయి కాలేజీల్లో సీటు వచ్చినవారిలో, వాటిలో చేరినవారికీ తక్కువ పేరున్న చోట చేరినవారికీ తర్వాతి సంపాదనలో సగటున చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ సీటు తెచ్చుకోగలిగిన శక్తి విద్యార్థిలోనే ఉందని, ఎక్కడికి వెళ్లినా అది వెంట వస్తుందని దాని అర్థం. అయితే పేద కుటుంబాల నుంచి వచ్చినవారికి మాత్రం పేరున్న కాలేజీ వల్ల మేలు జరిగినట్టు తేలింది. రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023లో వెలువరించిన అధ్యయనం ఐవీ లీగ్ అని పిలిచే ఎనిమిది పేరున్న విశ్వవిద్యాలయాలతో పాటు స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగోలను పరిశీలించింది. సగటు సంపాదనలో తేడా పెద్దగా లేదు కానీ, ఆదాయంలో అగ్రస్థానపు ఒక్క శాతంలోకి చేరే అవకాశం దాదాపు సగం పెరిగింది. పేరు మోసిన సంస్థల్లో ఉద్యోగం దొరికే అవకాశం సుమారు మూడు రెట్లయింది.

ఇవి చదివి మీ నాన్నగారు ‘చూశావా’ అనవచ్చు. పరిచయాలు లేనివారికి పేరు ఎక్కువ ఉపయోగపడుతుందన్న మాట పరాయి దేశం నుంచి వెళ్లే మీకూ కొంత వర్తిస్తుంది. కాదనను. కానీ ఆ రెండు అధ్యయనాలూ డిగ్రీ విద్యార్థుల మీద చేసినవి. అటువంటి కాలేజీల్లో చాలావాటిలో పేద విద్యార్థికి ఫీజు భారం సంస్థే మోస్తుంది. పూర్తి ఫీజు కట్టి చదివే రెండేళ్ల మాస్టర్స్‌కు ఆ ఫలితాలను తెచ్చి అతికించలేం. ఒకే విశ్వవిద్యాలయం ముద్ర కింద డిగ్రీ, మాస్టర్స్, పీహెచ్‌డీ మూడు వేర్వేరు లోకాలు. ఆచార్యుల సమయం, ప్రయోగశాలల్లో చోటు, డబ్బు సాధారణంగా ముందు పీహెచ్‌డీ విద్యార్థులకు వెళతాయి. మాస్టర్స్ విద్యార్థుల ఫీజు విభాగానికి ఆదాయం. చేరేముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

పేరు గట్టిగా పనిచేసే దారులు కొన్ని ఉన్నాయి. మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్, పెట్టుబడి బ్యాంకులు, పెద్ద న్యాయ సంస్థలు కొద్ది విద్యాసంస్థలకే వెళ్లి ఉద్యోగులను ఎంచుకుంటాయి. బోధన, పరిశోధన వృత్తిగా ఎంచుకునేవారికి ఎవరి దగ్గర పీహెచ్‌డీ చేశారన్నది చాలా ముఖ్యం. కొన్ని దేశాలైతే వీసాలోనే పేరు చూస్తున్నాయి. బ్రిటన్ 2022లో తెచ్చిన హై పొటెన్షియల్ ఇండివిడ్యువల్ వీసా ప్రపంచ ర్యాంకుల్లో పైన ఉన్న విదేశీ విశ్వవిద్యాలయాల పట్టభద్రుల కోసమే. మీ దారి వీటిలో ఒకటైతే నా సలహా మారుతుంది. ఆ ప్రైవేటు విశ్వవిద్యాలయం మీకు తెరిచే తలుపు ఏదో పేరు పెట్టి చెప్పగలరా? ఫలానా ప్రయోగశాల, ఫలానా సంస్థల నియామకాలు అని? చెప్పగలిగితే దానికి ధర కట్టవచ్చు. ‘పెద్ద పేరు కదా, ఏదో ఒకటి జరుగుతుంది’ అన్నంత వరకే అయితే లక్షా 20 వేల డాలర్ల తేడాకు అది చాలదు. డేటా సైన్స్ ఉద్యోగాల్లో పేరు మిమ్మల్ని మొదటి వడపోత దాటించవచ్చు. ఆ తర్వాత కోడింగ్ పరీక్ష, గణాంక ప్రశ్నలు, మీరు చేసి చూపిన పని, వేసవి ఇంటర్న్‌షిప్ మాట్లాడతాయి.

ర్యాంకుల పట్టికలను కూడా ఒకసారి విప్పి చూడండి. ప్రపంచ విశ్వవిద్యాలయాలకు క్యూఎస్ అనే సంస్థ ఇచ్చే ర్యాంకులో 30 శాతం బరువు ఆచార్యుల అభిప్రాయ సేకరణకు, 15 శాతం ఉద్యోగ సంస్థల అభిప్రాయానికి ఉంటుంది. అంటే దాదాపు సగం ‘ఎవరి పేరు విన్నారు’ అన్న దాని మీదే నడుస్తుంది. పైగా అది మొత్తం విశ్వవిద్యాలయానికి ఇచ్చిన ర్యాంకు. మీరు చేరే విభాగం గురించి అది చెప్పేది చాలా తక్కువ.

స్కాలర్‌షిప్ వైపు కూడా కళ్లు మూసుకుని వెళ్లవద్దు. ఆ 18 వేలు రెండో ఏడాది కూడా వస్తాయని ఉత్తరంలో రాసి ఉందా? ఉంటే ఏ షరతుతో? సాధారణంగా సగటు గ్రేడు మీద షరతు పెడతారు. నాలుగుకు 3.5 నిలుపుకోవాలన్నారనుకోండి. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ మొదటి సెమిస్టరులో మూడు కోర్సులు తీసుకుని రెండింటిలో ఏ మైనస్ (3.7), ఒకదానిలో బీ (3.0) తెచ్చుకుంటే సగటు 3.47. మంచి మార్కులే, అయినా గీత కిందకు జారిపోయారు. ఒక్క సెమిస్టరుతోనే స్కాలర్‌షిప్ తీసేస్తారా, లేక కోలుకోవడానికి మరో సెమిస్టరు ఇస్తారా అన్నది రాతపూర్వకంగా అడగండి. రెండో ఏడాది సొమ్ము రాకపోతే మీ అప్పు 24 వేలు, వాయిదా 330 డాలర్ల దగ్గర ఉంటుంది. అది కూడా భరించగలిగినదే. అందుకే నేను ఇటువైపు ఇంత ధైర్యంగా మొగ్గుతున్నాను. ఆరోగ్య బీమా, ఇతర తప్పనిసరి రుసుములు స్కాలర్‌షిప్‌లో కలిసి ఉన్నాయో లేదో కూడా తెలుసుకోండి. చాలాచోట్ల ఇవి విడిగా కట్టాలి.

ఇక మార్చి 25 గడువు. అమెరికాలోని చాలా విశ్వవిద్యాలయాలు, మాస్టర్స్, పీహెచ్‌డీ నడిపే విద్యాసంస్థల సంఘమైన కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానంపై సంతకం చేశాయి. దాని ప్రకారం ఇస్తామన్న ఆర్థిక సాయానికి ఏప్రిల్ 15 లోపు ఒప్పుకుని తీరాలని విద్యార్థిని బలవంతపెట్టకూడదు. మీ రాష్ట్ర విశ్వవిద్యాలయం ఆ జాబితాలో ఉందో లేదో చూసి, ఉంటే గడువు ఏప్రిల్ 15 దాకా ఇవ్వమని మర్యాదగా రాయండి. ఈ ఒక్క మాట అడగలేక తొందరపడి ఒప్పుకున్నవాళ్లను చాలామందిని చూశాను. అదే ఉత్తరంలో టీచింగ్ అసిస్టెంట్ అవకాశం ఉందేమో అడగండి. స్టాటిస్టిక్స్ డిగ్రీ ఉన్నవారికి ప్రాథమిక గణాంక శాస్త్ర తరగతుల్లో పని దొరికే వీలు ఎక్కువ. తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదన్న నిబంధన గుర్తుంచుకోండి.

ప్రైవేటు విశ్వవిద్యాలయానికి రెండో ఉత్తరం. మీకు వచ్చిన స్కాలర్‌షిప్ పత్రం జత చేసి, ‘మీ దగ్గర చదవాలని ఉంది, ఈ తేడాను భరించలేకపోతున్నాను, సాయం చేసే వీలుందా’ అని సూటిగా అడగండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఇలా అడిగినంత మాత్రాన వచ్చిన సీటు పోదు. ఇంకో ప్రశ్న కూడా కలపండి: గత రెండేళ్లలో ఈ ప్రోగ్రామ్ పూర్తి చేసిన విదేశీ విద్యార్థుల్లో ఎంతమందికి, ఎన్ని నెలల్లో, ఏ ఉద్యోగాలు వచ్చాయి? వెబ్‌సైట్లో కనిపించే శాతంలో స్వదేశీ విద్యార్థులు కూడా కలిసి ఉంటారు. సర్వేకు జవాబివ్వనివారు తరచూ లెక్కలోకే రారు. విడి అంకె ఇవ్వలేకపోతే, ఇటీవల చదివిన ఇద్దరు విదేశీ విద్యార్థులతో మాట్లాడించమనండి. రాష్ట్ర విశ్వవిద్యాలయాన్ని కూడా ఇదే అడగండి.

మీ నాన్నగారి దగ్గర ర్యాంకుల గురించి వాదించకండి. ఒక కాగితం మీద రెండు వాయిదాలూ రాసి, పక్కన ఆ 90 రోజులు రాసి ఆయన ముందు పెట్టండి. బిడ్డ పేరున్న చోట చదవాలన్న ఆయన కోరిక వెనుక మీ మీద ఉన్న నమ్మకమే ఉంది. ఉద్యోగం ఆలస్యమైన నెలల్లో ఆ 1,735 డాలర్లు ఎవరు కడతారో ఇద్దరూ కలిసి రాసుకోండి. అప్పుకు హామీ సంతకం ఆయనదే అయితే, ఆ నెలల్లో బ్యాంకు అడిగేది ఆయననే.

ప్రైవేటు విశ్వవిద్యాలయం ఏడాదికి 40 వేలకు తగ్గకుండా సాయం ఇస్తే మీ మొత్తం అప్పు 46 వేలకు దిగుతుంది, వాయిదా 635 డాలర్ల దగ్గర ఆగుతుంది. అలా జవాబు వస్తే ఏప్రిల్ 15 కంటే ముందే నాకు మళ్లీ రాయండి. అప్పుడు రెండు ప్రోగ్రామ్‌ల పాఠ్యాంశాలు, ఆచార్యుల జాబితా పక్కపక్కన పెట్టుకుని మొదటి నుంచి చూద్దాం.