శిలాజం శిలలో పుట్టిందా?

సందేహం: బిలస్వర్గం గుహల్లో ఖడ్గమృగం శిలాజాలు దొరికాయని మా అబ్బాయి చదువుతుంటే విన్నాను. పంకజం బురదలో పుడుతుంది, జలజం నీళ్లలో పుడుతుంది. ఖడ్గమృగం రాతిలో పుట్టదు కదండీ. మరి శిలాజం అనడం తప్పు కాదా?
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: అమ్మా, ఈ మాటను అందరూ బట్టీపట్టి వదిలేస్తారు. మీరు ‘జ’ దగ్గర ఆగి అడిగారు, చాలా సంతోషం.

‘జ’కు మూలం జన్ ధాతువు. ఆ పేరు వినగానే మనకు పురుడు, ఉయ్యాల గుర్తొస్తాయి. సంస్కృత ధాతువులకు అర్థాలు చెప్పే పట్టిక ధాతుపాఠం మాత్రం ‘జనీ ప్రాదుర్భావే’ అంటుంది. ప్రాదుర్భావం అంటే కంటికి ఆననిది కంటబడటం, లోపలున్నది పైకి రావడం. పుట్టుక అందులో ఒక రకం. ‘సప్తమ్యాం జనేర్డః’ అని వ్యాకరణకర్త పాణిని సూత్రం ఉంది కదా, ‘లో’ అనే అర్థమిచ్చే మాట మీద జన్ ధాతువు ‘జ’గా చేరుతుందని. దాని ప్రకారం సరస్సులో అగుపించేది సరసిజం. అలాగే శిలలో అగుపించేది శిలాజం. ఖడ్గమృగం నేల మీదే పుట్టి, నేల మీదే తిరిగి చచ్చిపోయింది. వేల ఏళ్ల తర్వాత దాని ఎముక మనకు కనబడిన చోటును బట్టి ఈ పేరు వచ్చిందనుకుంటే మీ చిక్కు విడిపోతుంది. రాజమండ్రి పక్కన కాతేరు సున్నపురాయిలో దొరికే గుల్లలకైతే ఈ మాట అతికినట్టు సరిపోతుంది. అవి అక్షరాలా రాతిలోనే ఉన్నాయి, వాటి వయసు ఆరు కోట్ల ఏళ్ల పైమాటే.

బిలస్వర్గం దగ్గర మాత్రం శిల అన్న మాట కొంచెం వదులే. బేతంచెర్ల దగ్గరున్న ఆ గుహల్లో ఎముకలు చాలావరకు అడుగున పేరుకున్న మట్టి పొరల్లో దొరికాయి. 1884 ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వించారు. ఆ ఎముకలను పరిశీలించి లిడెక్కర్ అనే శిలాజ శాస్త్రవేత్త 1886లో ఆ ఖడ్గమృగానికి ‘కర్నూలియెన్సిస్’ అని మన కర్నూలు పేరే పెట్టాడు. గుహల పేరు ఇంకా గొప్పది. భాగవతం పంచమ స్కంధంలో అతలం, వితలం మొదలైన ఏడు లోకాలను బిలస్వర్గాలన్నారు. నేల కింద ఉన్న స్వర్గాలన్నమాట. ఈ గుహలకు ఆ పేరు పెట్టినవాళ్ల చెవిన భాగవతం పడే ఉంటుందని నా నమ్మకం. జనం నోట అది బిల్లసర్గం అయింది.

ఇంత చెప్పినా శిలాజానికి నేను నూటికి నూరు మార్కులు వేయలేను. అమరకోశంలో శిలాజతువుకు పేర్లు చెబుతూ ‘గైరేయమర్థ్యం గిరిజమశ్మజం చ శిలాజతు’ అన్నాడు అమరసింహుడు. వాటిలో ‘అశ్మజం’ ఒకటి. అశ్మం అన్నా శిల అన్నా రాయే. అంటే రాతి పేరు మీద ‘జ’ చేరిన మాట అప్పటికే శిలాజతువుకు ఉంది. శిలాజతువు అంటే కొండరాళ్ల నుంచి కారే మందు సరుకు, మనం శిలాజిత్తు అంటున్నది. అందులోది ‘జ’ కాదు, ‘జతు’, అంటే లక్క. పాతకాలపు పండితుడికి శిలాజం అని వినిపిస్తే ముందు ఆ మందే తోచేదేమో. కానీ పాఠ్యపుస్తకాల్లో కుదురుకున్న మాటను ఇప్పుడు కదపడం నాకు ఇష్టం లేదు. మీ అబ్బాయి శిలాజమనే రాయనివ్వండి.

దిద్దాల్సినవి వేరే ఉన్నాయి. ‘శిలాజ అవశేషాలు’ అని పేపర్లలో రాస్తున్నారు. శిలాజమే అవశేషం, మళ్లీ ఆ తోక దేనికి? ‘శిలాజాలు వెలుగు చూశాయి’ అన్నది మరీ అన్యాయం. ఎముకలు వెలుగును ఎలా చూస్తాయి? బయటపడ్డాయి అనొచ్చుగా! ధాతుపాఠం చెప్పిన ప్రాదుర్భావానికి ఇంతకన్నా మంచి తెలుగు నాకు కనబడలేదు.