టెక్ సందేహాలు: పోయిందీ వచ్చిందీ యాభై రూపాయలే, శాతాలు మాత్రం వేరు

ప్రశ్న: రొయ్యల ధరలు ఎక్సెల్‌లో రాసుకుంటున్నాను. 100 కౌంట్ (కిలోకు 100 రొయ్యలు తూగే సైజు) కిలో రూ.250 నుంచి రూ.200కు పడితే మైనస్ 20 శాతం అంటోంది. మళ్లీ రూ.250కి వస్తే 25 శాతం పెరిగిందంటోంది. ఫార్ములా తప్పా? – ఒక రైతు, భీమవరం

జవాబు: ఫార్ములా సరిగానే ఉందండీ. మార్పు శాతాన్ని పాత ధర మీద కడతారు. పడినప్పుడు పాత ధర 250, లేచినప్పుడు 200. కాబట్టి ఆ రెంటినీ కూడి 5 శాతం లాభమని మురిసిపోవద్దు. సీజన్ మొత్తానికి కావాలంటే మొదటి ధర, చివరి ధర తీసుకుని ఒక్కసారే లెక్కించండి.

ధరలు బి నిలువు వరుసలో ఉంటే సి3 గడిలో =బి3/బి2-1 అని (అక్షరాలు ఇంగ్లీషులో) కొట్టి, కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని 5 నొక్కండి. శాతం గుర్తు అదే వస్తుంది. ఫార్ములాలో మళ్లీ 100తో గుణిస్తే మైనస్ 20 కాస్తా మైనస్ 2000 అయి కూర్చుంటుంది. కొనుగోళ్లు లేని రోజుకు సున్నా వేయకండి, ఆ తేదీనే వదిలేయండి. సున్నాతో భాగించమంటే ఎక్సెల్ మొరాయిస్తుంది.

మీరు అడగకపోయినా ఒక మాట. కౌంటుకు మాత్రం ఈ ఫార్ములా వాడకండి. కౌంట్ 100 నుంచి 50కి వస్తే షీటు 50 శాతం తగ్గిందని చూపిస్తుంది. చెరువులో జరిగింది అందుకు పూర్తిగా వ్యతిరేకం. రొయ్య 10 గ్రాముల నుంచి 20 గ్రాములకు, అంటే నూరు శాతం పెరిగింది! 1000ని కౌంటుతో భాగించి, వచ్చిన గ్రాముల మీద శాతం కట్టండి.

ప్రశ్న: ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75. గూగుల్ షీట్స్‌లో 17 శాతం వచ్చింది. ప్రవాహం 10 లక్షల నుంచి 13 లక్షల క్యూసెక్కులకు, అంటే 30 శాతం. ప్రాజెక్టులో ఏది రాయాలి? – ఒక విద్యార్థిని, కోనసీమ

జవాబు: ప్రవాహానిదే రాయమ్మా. సున్నా క్యూసెక్కులంటే నీరు పారడం లేదనే. గేజి మీద సున్నా అంటే గోదావరి ఎండిపోయిందని కాదు. అందుకే అడుగులకు శాతం అతకదు, ‘రెండు అడుగులు పెరిగింది’ అని రాస్తే చాలు. మూడో హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కులకు. 13 లక్షల నుంచి అది దాదాపు 31 శాతం, 10 లక్షల నుంచైతే 70 శాతం. 30, 31 కూడి 61 అని మాత్రం వేయకు.