వైరస్ మారితే మాత్ర పనిచేయదా?

ప్రశ్న: మేడమ్, మాది దేవరకొండ దగ్గరి ఊరు. బీఎస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. ఎండాకాలం బత్తాయి తోటలో పనికి వెళ్లొస్తే పెదవి అంచున నీటి పొక్కులు లేస్తున్నాయి. డాక్టర్ హెర్పిస్ అన్నారు, అసైక్లోవిర్ రాశారు. వైరస్ పైపొర మీది గ్లైకోప్రోటీన్లలో (చక్కెర అతికిన ప్రోటీన్లలో) మ్యుటేషన్లు (జన్యు మార్పులు) వస్తే అది మన కణాలతో ఇంకా ఎక్కువగా కలిసిపోతుందని క్లాసులో విన్నాను. నాకు ఏటా తిరగబెట్టేది అందుకేనా? మందు పనిచేయకుండా పోతుందా? టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని

జవాబు: టెన్షన్ వద్దమ్మా. తిరగబెట్టడానికి కొత్త మ్యుటేషన్ ఏదీ అక్కర్లేదు. మొదటిసారి సోకినప్పుడే హెచ్ఎస్‌వీ-1 (పెదవి పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్) ముఖానికి వచ్చే నరం మొదట్లో, ట్రైజెమినల్ గాంగ్లియాన్ అనే నరకణాల గుంపులో చేరి అక్కడే ఉండిపోతుంది. మన నల్లగొండ ఎండ దాన్ని లేపడానికి చాలు. ఇక అసైక్లోవిర్ ఆపేది వైరస్ డీఎన్ఏ తయారీని. గ్లైకోప్రోటీన్ల జోలికి అది పోదు. మందుకు లొంగని వైరస్‌లలో మార్పు ఎక్కువగా థైమిడిన్ కైనేజ్ (మందును పనిచేసే రూపంలోకి మార్చే వైరస్ ఎంజైమ్) జన్యువులో కనిపిస్తుంది. అదీ రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలోనే ఎక్కువ.

మీరు అడిగిన అసలు పాఠం నాకు చాలా ఇష్టం. వైరస్ మీది జీడీ అనే గ్లైకోప్రోటీన్, మన కణం మీద ఉండే నెక్టిన్-1 అనే ప్రోటీన్‌నో, హెచ్‌వీఈఎం అనే ప్రోటీన్‌నో పట్టుకుంటుంది. ఆ సంకేతం జీహెచ్-జీఎల్ అనే మరో గ్లైకోప్రోటీన్ల జంట ద్వారా జీబీ అనే గ్లైకోప్రోటీన్‌కు అందుతుంది. జీబీ రూపం మార్చుకుని, తన కొసల్ని కణపు పొరలోకి దించి, వైరస్ పొరనూ కణం పొరనూ ఒకటి చేస్తుంది. ఆ కొసలో 174వ స్థానంలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్‌ను కట్టే ఇటుక) ఉంటుంది. దాని బదులు ఆర్జినిన్ పెడితే కలయిక ఆగిపోతుంది. జీడీలో 27వ గ్లూటమిన్ ప్రోలిన్‌గా మారితే హెచ్‌వీఈఎం మీద పట్టు పోతుంది, నెక్టిన్-2 అనే మరో ప్రోటీన్ మీద పట్టు వస్తుంది. జీబీకి పొర లోపలివైపు ఒక తోక ఉంటుంది. అది జీబీని పట్టుకారులా బిగించి, వేళ కాకముందే విప్పుకోకుండా చూస్తుంది. ఆ తోకలో 855వ అలనీన్ వాలీన్ అయితే పట్టు సడలి, ల్యాబ్‌లో పెంచిన కణాలు గుంపులు గుంపులుగా ఒకటైపోతాయి. మీరు క్లాసులో విన్నది ఇలాంటి మార్పు గురించే అయి ఉంటుంది. గాజు పళ్లెంలో ఎక్కువ కణాల్ని కలిపిన వైరస్ మనిషికి ఎక్కువ జబ్బు చేస్తుందని మాత్రం అనుకోకండి. రోగుల నుంచి తీసిన వైరస్‌లలో చాలావరకు పళ్లెంలో అలా కలపవు కూడా.

మా కాలేజీ ల్యాబ్‌లో ఒక జాంక్ స్మియర్ స్లైడ్ ఉంది. పొక్కు అడుగును గీకి గీమ్సా రంగు వేసినది. ఏటా పిల్లలకు చూపిస్తాను. మామూలు చర్మకణంలో ఒకటే కేంద్రకం. దాని పక్కనే ఒక పెద్ద కణం, లోపల ఐదారు కేంద్రకాలు ఒకదాన్నొకటి ఒత్తుకుని కనిపిస్తాయి. సోకిన కణం తన పైపొర మీదికి కూడా ఆ గ్లైకోప్రోటీన్లను పంపుతుంది కాబట్టి పక్క కణాలు దానిలో కలిసిపోతాయి. మ్యుటేషన్ లేని మామూలు వైరస్ చేసే పనే ఇది. మీ కాలేజీలో స్లైడ్ ఉంటే అడిగి చూడండి, పుస్తకంలో బొమ్మ కన్నా బాగా అర్థమవుతుంది.

తోటకు వెళ్లేటప్పుడు ముఖానికి స్కార్ఫ్ కట్టుకోండి, పెదవులకు సన్‌స్క్రీన్ ఉన్న బామ్ రాయండి. పెదవి చురచురలాడగానే, పొక్కు లేవకముందే, డాక్టర్ చెప్పిన మోతాదులో మాత్ర మొదలుపెడితే ఫలితం ఎక్కువ. పొక్కు ముట్టిన చేత్తో కన్ను నలపొద్దు. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే మెడికల్ షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని వేసుకోకండి, అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.