వీధి పిల్లి వచ్చి చేరింది.. మా పిల్లి మంచం తడుపుతోంది!

ప్రశ్న: మాకు మూడేళ్ల ఆడ పిల్లి, ఒక కుక్క ఉన్నాయి. నెల కిందట ఓ వీధి పిల్లి మేడమెట్ల కింద చేరింది. అమ్మ జాలిపడి పాలన్నం పెట్టడంతో ఇప్పుడు ఏకంగా వంటింట్లోకే వచ్చేస్తోంది. అప్పటి నుంచి మా పిల్లి సరిగా తినడం లేదు, మంచం మీద మూత్రం పోస్తోంది. మొన్న రెండూ కొట్లాడుకుంటుంటే విడదీయబోయాను, వీధి పిల్లి నా చేయి గీరింది. కుక్కకు వాడే గోమార్ల మందు దానికి వేయొచ్చా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పిల్లుల సంగతి తర్వాత, ముందు మీ చేయి చూసుకోండి. పిల్లి గీరినా రేబిస్ రావచ్చు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఇవాళే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. రెండు రోజులైపోయింది కదా అని ఊరుకోవద్దు. రక్తం వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. అప్పుడు టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా వేయాల్సి ఉంటుంది.

కుక్క మందు మాత్రం వద్దే వద్దు. మెడ వెనక వేసే చుక్కల మందుల్లో కొన్నిటిలో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్క తట్టుకుంటుంది, పిల్లికి అది విషం. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణాలే పోవచ్చు. మందు వేసిన కుక్కను ఆనుకుని పడుకున్నా ప్రమాదమే. ఫినాయిల్ కూడా అంతే. తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కుంటాయి.

మీ పిల్లి మంచం తడపడం పొగరుతో కాదు. తన చోటు పోతోందన్న టెన్షన్ కావచ్చు, మూత్రాశయంలో వాపూ కావచ్చు. యూరిన్ పరీక్ష చేయించండి. మాటిమాటికీ కూర్చుని చుక్క చుక్కగా పోస్తుంటే ఆ రోజే తీసుకెళ్లండి.

అమ్మగారిని అన్నం మానేయమనను, వంటింట్లో కాకుండా మెట్ల కిందే పెట్టమనండి. పాలు వద్దు; ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి అవి అరగవు, విరేచనాలవుతాయి. మీ పిల్లికి టీకాలు బాకీ ఉంటే వెంటనే వేయించండి. పిల్లుల ప్రాణాలు తీసే పాన్‌ల్యూకోపీనియా వైరస్ మన చెప్పులకు అంటుకుని కూడా ఇంట్లోకి వస్తుంది, నెలల తరబడి బతుకుతుంది.

వీధి పిల్లిని ఉంచుకోవాలనుకుంటే పరీక్ష, నులిపురుగుల మందు, టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రెండు వారాలు వేరే గదిలో పెట్టండి. వాసన అలవాటయ్యేలా ఒకటి పడుకున్న తువ్వాలు రెండోదాని పక్కన పరవండి. తర్వాత మూసిన తలుపుకు చెరోవైపు గిన్నెలు పెట్టండి. బుసలు కొట్టకుండా తినడం మొదలెట్టాక తలుపు బెత్తెడు తీయండి. మళ్లీ కొట్లాడితే మాత్రం చేయి అడ్డం పెట్టకండి, మధ్యలో ఓ అట్టముక్క దూర్చండి.